గొడుగక్క పెంచిన మొండిది

వర్క్‌షాపులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అక్కడికి రాకముందు పదిహేనేళ్లు రేకుల షెడ్డులో పుట్టగొడుగులు పెంచి బజారులో అమ్మిన మనిషి కనుక మొదట్లో పుట్టగొడుగుల అక్క అన్నారు. పిలవడానికి పొడుగైందని నాలుగు రోజులకే గొడుగక్కను చేశారు. వానొచ్చినా గొడుగు పట్టని మనిషికి ఆ పేరేంటని ఎవరైనా అడిగితే, "నేను పట్టే రకం కాదు, పెంచే రకం" అనేది.

వర్క్‌షాపంటే పెద్ద బలగమేమీ కాదు. పైన సైంటిస్టమ్మ, పెంపకం గదిలో గొడుగక్క, వెనక బాయిలర్ దగ్గర అందరూ బాబాయి అని పిలిచే పెద్దమనిషి. అంతే. గొడుగక్క మాత్రం ఆయన్ని అన్నయ్యా అనేది, ఆయన చెల్లెమ్మా అనేవాడు.

వాళ్లు చేసే పని చెబితే నమ్మేవాళ్లు తక్కువ. ఊకా రంపపు పొట్టూ కలిపి తడిపి బాయిలర్ ఆవిరిలో ఉడికిస్తారు. చల్లారాక అందులో బూజు విత్తనం కలిపి అచ్చుల్లో కూరతారు. పది రోజుల్లో తెల్లటి దారాలు పొట్టంతా పాకి, సూదీ దారం పెట్టి కుట్టినట్టు పట్టేస్తాయి. అచ్చు విప్పితే బెండంత తేలిక, కర్రంత గట్టి పలక. చివరగా వేడి పెట్టెలో కాలిస్తే లోపలి ప్రాణం పోతుంది, పలక మిగులుతుంది. ఈ పలకలు భూమ్మీద ఎవరి ఇంటికీ కావు. చంద్రుడి మీదో, అంతకన్నా దూరానో మనుషులు ఉండాల్సి వస్తే, అక్కడ కట్టే గదులకి.

"అక్కా, రాకెట్లో ఇటుకలు మోసుకెళ్లడం అయ్యే పని కాదు" అని సైంటిస్టమ్మ మొదటిరోజే చెప్పింది. "సీసాడు విత్తనం పట్టుకెళితే చాలు. అక్కడ మిగిలే పిప్పీ చెత్తా మేపుకుంటూ గోడ అదే పెరుగుతుంది. నువ్వు బజారులో అమ్మినదానికి ఇది చెల్లెలే."

ఇంట్లో మొగుడికి ఈ ముక్క చెబితే పడీ పడీ నవ్వాడు. ఆయన ముప్ఫై ఏళ్లు గోడలు కట్టిన మేస్త్రీ. "ఇటుక పెరగడమేంటే? రేపు గోడకి స్నానం చేయించి జోకొడతావా?" అన్నాడు. ఆ నవ్వు నవ్విన ఏడాదికే పరంజా మీదనుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచీ రెండు చంకకర్రల మీద మంచానికీ వీధి గుమ్మానికీ మధ్య తిరగడమే ఆయన లోకం. ఇల్లు గడిచేది ఆమె జీతం మీదే.

ఇక మొండిదాని సంగతి. అంతరిక్షంలో ఉండే చలికీ, అక్కడి కిరణాలకీ మామూలు బూజు తట్టుకోదు. సైంటిస్టమ్మ తెప్పించిన రకాలన్నీ చలిపెట్టెలో ఒకదాని తర్వాత ఒకటి చచ్చాయి. ఒకనాడు పారేయబోతున్న గాజు పళ్లెంలో, గోటి కొనంత మేర, తెల్లటి అంచు ఒకటి మిగిలి ఉండటం గొడుగక్క చూసింది. దాన్ని కోసి కొత్త మేతలో పెట్టింది. బతికింది. మళ్లీ చలిలో పెట్టింది, మళ్లీ మిగిలినంత మేరే కోసి పెంచింది. అలా నాలుగేళ్లు, ఇరవైమూడు తరాలు. రిజిస్టరులో దానికి బారెడు నంబరు ఉంది. ఆమె మాత్రం మొండిది అనేది. "మా మొండిది ఇవాళ ఆలస్యంగా లేచింది" అనేది, బడికి పోనని మారాం చేసే పిల్లను గురించి చెప్పినట్టు. ఆమెకు పిల్లలు లేరు.

ఆ నాలుగో ఏడే దగ్గు మొదలైంది. ముందు సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. చివరికి పడుకుంటే ఊపిరాడక, దిండ్లు గోడకి ఆనించి కూర్చుని నిద్రపోవడం.

"జలుబు" అంది మేస్త్రీతో.

"జలుబుకి మనిషి కూర్చుని పడుకోదు" అన్నాడు ఆయన.

ఒక పూట సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరు ఛాతీ ఫోటోలు తీయించి, ఏం పని చేస్తారమ్మా అని అడిగి, చెప్పింది విన్నాడు.

"పుట్టగొడుగుల షెడ్లలో పనిచేసేవాళ్లకి వచ్చే జబ్బు ఇది. ఆ గదిలో ఎగిరే పొడి మీ ఊపిరితిత్తులకి పడటం లేదు. ఇప్పుడు మానేస్తే ఉన్నకాడికి నిలబడుతుంది. మానకపోతే తడి స్పాంజి ఎండి బిగుసుకుపోతుంది చూడండి, అలా అవుతుంది. బిగిసింది మళ్లీ మెత్తబడదమ్మా" అన్నాడు. పనిచేసేచోట ఇవ్వమని ఒక ఉత్తరం కూడా రాసిచ్చాడు.

ఆ ఉత్తరం అలమారలో చీరల కింద పరిచిన పేపరు అడుగుకి చేరింది. జీతం పోతే ఇద్దరూ ఏం తినాలన్నది ఒక కారణం. రెండో కారణం ఆమె తనకు తానే గట్టిగా చెప్పుకోలేదు. మొండిదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు.

పెంపకం గదిలో మందపాటి మాస్కు పెట్టుకోవాలి. ఊపిరి అందని మనిషికి మాస్కంటే ఎవరో నోరు నొక్కి పట్టుకున్నట్టే. ఒంటరిగా ఉన్నప్పుడు గడ్డం కిందకి లాగేది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడలేదు కదా అనుకునేది.

మూడు నెలలకోసారి మొండిదాని విత్తనాన్ని పాత గాజు గొట్టాల్లోంచి కొత్తవాటిలోకి మార్చాలి. మార్చాక పాతవి ఉడికించి పారేయడం పద్ధతి. వేరే ఊళ్లో భద్రంగా దాచే గొట్టాలు కూడా ఆ కొత్తవాటిలోంచే వెళ్తాయి. ఆ రోజు బల్ల మీద పన్నెండు గొట్టాలు మూతలు తీసి ఉన్నాయి. మాస్కు గడ్డం కింద ఉంది. దగ్గు తెర కట్టలు తెంచుకుని వచ్చింది. మొహం పక్కకి తిప్పేలోపే తుంపరలు గొట్టాల్లో పడ్డాయి.

ఆ గొట్టాలు పారేసి మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. అది ఆమెకి తెలుసు, సైంటిస్టమ్మకన్నా బాగా తెలుసు. కానీ ఎందుకు పారేశావని అడుగుతారు. ఏం చెప్పాలి? బల్ల తుడిచింది, మూతలు బిగించింది, చలిపెట్టెలో పెట్టేసింది. పాత గొట్టాలు బాబాయికి ఇచ్చింది ఉడికించమని.

రెండు నెలలు ఏమీ కాలేదు. చలిలో పాపం కూడా నిద్రపోతుంది కాబోలు.

ఆ తర్వాత పెద్ద పరీక్ష వచ్చింది. మూడు పలకలు పెంచి పరీక్షల కేంద్రానికి పంపాలి. గాలి లేని పెద్ద తొట్టిలో నలభై రోజులు, ఎండా చలీ మార్చి మార్చి పెడతారు. నిలబడితే వర్క్‌షాపు ఉంటుంది, లేకపోతే లేదు. పంపడానికి పన్నెండు రోజులుందనగా, ఒక ఉదయం పెంపకం గది తలుపు తీసిన గొడుగక్కకి ముందు వాసన చెప్పింది. పుల్లగా, మాగినట్టుగా ఉంది. అచ్చులు విప్పి చూస్తే మూడో వరసలో, తెల్లటి పొర మీద ఆకుపచ్చ మచ్చలు. సాయంత్రానికి రెండో వరస. మర్నాటికి అన్నీ.

ఆకుపచ్చ బూజు తెల్లదాన్ని తినేస్తుంది. పుట్టగొడుగుల వాళ్లు దాని పేరెత్తరు కూడా. సైంటిస్టమ్మ చలిపెట్టెలోని గొట్టాలన్నీ తీసి పరీక్షించింది. అన్నిటిలోనూ ఉంది. వేరే ఊరికి ఫోను చేసింది. అక్కడా ఉంది. ఫోను పెట్టేసి నేలమీద కూర్చుండిపోయింది. "అక్కా, మొండిది పోయింది" అంది. గొడుగక్క నిలబడే ఉంది.

మూడో రోజు వర్క్‌షాపుకి డబ్బిచ్చే కమిటీ నుంచి ఒక పెద్దాయన విచారణకి వచ్చాడు. ఉడకని పొట్టులోంచే ఆకుపచ్చది వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. ఇంకేముంది, వేలు నేరుగా బాయిలర్ వైపు తిరిగింది. ఎప్పుడో ఏడాది కిందట బాబాయి ఆవిరి పావుగంట ముందు ఆపిన సంగతి రిజిస్టరులో రాసి ఉంది.

"ఈసారి కూడా ఆపావా?" అని అడిగాడు పెద్దాయన.

బాబాయి నోట్లో నాలుక లేని మనిషి. తల దించుకుని, "గుర్తులేదు సార్" అన్నాడు.

బాబాయిని వారంలోగా పని వదిలి పొమ్మన్నారు. ఆయన బాయిలర్ పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంటే గొడుగక్క వెళ్లింది. ఏదో చెప్పాలనే వెళ్లింది.

"ఏమో చెల్లెమ్మా, ఆ రోజు గేజు సరిగ్గా చూశానో లేదో. కళ్లు మసకలొస్తున్నాయి ఈమధ్య. నీ నాలుగేళ్ల కష్టం బూడిదలో పోశాను" అని ఆయనే కళ్లు తుడుచుకున్నాడు. "నన్ను క్షమించు."

చెంప మీద కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. చెప్పాలనుకున్నది గొంతులో అడ్డం పడి, దగ్గయి బయటికొచ్చింది.

ఇంటికి వచ్చి బియ్యం కడుగుతూ కడుగుతూ మధ్యలో ఆపేసింది. అలమార తీసి, పేపరు కిందనుంచి ఉత్తరం తెచ్చి మేస్త్రీ చేతిలో పెట్టింది. గొట్టాల సంగతి, బాబాయి సంగతి మొత్తం చెప్పింది. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"నా కోసమా దాచావు?" అన్నాడు.

"మీకోసమే అనుకున్నాను. నా కోసం కూడా."

ఆయన చాలాసేపు చంకకర్ర కొనతో నేలమీద గీతలు గీశాడు. "గోడ బీట వేస్తే సున్నం కొట్టి దాచొచ్చు. నేనే దాచాను ఎన్నోసార్లు. పునాది కుంగినప్పుడు దాస్తే ఎవడి నెత్తిమీదో పడుతుంది. ఇప్పుడు ఆ ముసలాయన నెత్తిమీద పడుతోంది." ఉత్తరం మడిచి ఆమెకిచ్చి, "చెప్పెయ్. మనం ఎలా బతకాలన్నది తర్వాత ఏడుద్దాం" అన్నాడు.

మర్నాడు ఉదయం సైంటిస్టమ్మ గదిలో నిలబడి చెప్పేసింది. బాబాయిని కూడా పిలిపించి, ఆయన ముందే చెప్పింది. సైంటిస్టమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ రోజే చెప్పి ఉంటే పాత గొట్టాలు ఉండేవి" అంది. "ఒక్క మాట. ఒక్క మాట చెప్పి ఉంటే..."

"అవును మేడం."

"పెంపకం గది తాళం ఇవ్వండి."

అప్పటిదాకా అక్కా నువ్వు అన్న మనిషి మొదటిసారి మీరు అంది. గొడుగక్క తాళం బల్ల మీద పెట్టింది. తల ఎత్తలేదు కానీ కదల్లేదు కూడా.

"మేడం, వెనక పారేసిన కుప్పలో వెతికితే? వంకర పోయిన పలకల్ని మనం కాల్చం కదా, పచ్చివే పారేస్తాం. గొట్టాలు మార్చకముందు పారేసినవి అడుగున ఉంటాయి. అచ్చు మూల మీద నేను గోటితో తేదీ గీస్తాను, నాకు తెలుస్తుంది. మొండిది ఎండినా ఎక్కడో నిద్రపోతూ ఉండొచ్చు."

సైంటిస్టమ్మ బల్ల మీది తాళం తీసి బాబాయి చేతిలో పెట్టింది. "నేను గడువు అడగడానికి కమిటీ దగ్గరికి వెళ్తున్నాను. ఎన్ని రోజులు పడుతుందో తెలియదు. మీరు ఆ గదిలోకి అడుగుపెట్టకూడదు. కుప్పని ముట్టుకోకూడదు. ఇక మీ ఇష్టం" అని సంచీ భుజాన వేసుకుంది.

అలా మిగిలింది బాబాయి. ఎవరి మూలాన ఆయన పని ఊడబోయిందో, ఆమెకే ఇప్పుడు ఆయన చేతులు కావాల్సి వచ్చాయి. అడగడానికి సిగ్గేసింది. ఆయనే పార తెచ్చుకున్నాడు. "మాట్లాడకు చెల్లెమ్మా, మాట్లాడితే నాకు కోపం వస్తుంది. ఎక్కడ తవ్వాలో చూపించు" అన్నాడు.

గాలి తనవైపు రాకుండా దూరంగా కుర్చీ వేసుకుని, రెండు మాస్కుల వెనక నుంచి ఆమె వేలు చూపిస్తుంటే ఆయన రెండు రోజులు తవ్వాడు. పాత తేదీలున్న ముక్కలు అరవై నాలుగు దొరికాయి. ఇక వాటి లోపలి పొరలోంచి ఆవగింజంత కోసి గాజు పళ్లేల్లో పెట్టాలి. పార పట్టిన చేతులతో.

పెంపకం గదికి ఒక గాజు కిటికీ ఉంది. లోపల బాబాయి, బయట స్టూలు మీద గొడుగక్క. ఇద్దరి చెవుల్లోనూ ఫోన్లు.

"పై పొర తీసెయ్ అన్నయ్యా. ఇంకా లోపలికి. కత్తి మంటలో పెట్టావా?"

"పెట్టాను."

"చల్లారనిచ్చావా?"

"అదెప్పుడు చెప్పావు?"

"అయ్యో, దాన్ని కాల్చి చంపేశావు. ఇంకో ముక్క తియ్యి."

"ఇది ఆవగింజంత అంటావేంటి చెల్లెమ్మా, నాకు ఆవగింజే కనిపించదు!"

అరవై నాలుగు పళ్లేలు నిండటానికి రెండు రోజులు పట్టింది. తర్వాత చెయ్యాల్సిందల్లా చూడటమే. అదే కష్టం. మొదటిరోజు ఏమీ లేదు. మూడో రోజుకి ఇరవై పళ్లేలు ఆకుపచ్చగా మారాయి. బాబాయి ఒక్కొక్కటీ తీసి ఉడకపెట్టేస్తున్నాడు. ఐదో రోజుకి ఇంకో ముప్ఫై నల్లబడ్డాయి. ఆరో రోజు మధ్యాహ్నం పద్నాలుగు మిగిలాయి. వాటిలో ప్రాణం ఉన్న జాడ లేదు.

ఆ మధ్యాహ్నం బాబాయి లోపల కత్తి బల్ల మీద గిరాటేశాడు. "చచ్చినదాన్ని ఎన్నాళ్లు కాపలా కాస్తాం?" అన్నాడు ఫోనులో. గొడుగక్క సమాధానం చెప్పబోయింది. ఊపిరి అందలేదు. స్టూలు మీదనుంచి పక్కకి ఒరిగి గోడ పట్టుకుంది. పెదాలు నీలంగా మారాయి. బాబాయి పళ్లెం వదిలేసి తలుపు వైపు పరిగెత్తాడు. ఆమె చెయ్యెత్తి వద్దని ఊపుతూనే ఉంది. ఆ తలుపు విసురుగా తెరిస్తే బయటి దుమ్మంతా లోపలికి పోతుందని. ఆయన ఆగలేదు. తెరిచాడు, మనిషిని ఎత్తుకున్నాడు, రోడ్డు మీద దొరికిన బండిలో ఆస్పత్రికి చేర్చాడు.

ముక్కుకి గొట్టం పెట్టాక, మాట వచ్చిన మొదటి క్షణంలో ఆమె అడిగింది, "తలుపు మూశావా?"

"నీ మొండిదానికన్నా నువ్వే మొండిదానివి" అని ఆయన ఏడ్చాడు.

తొమ్మిదో రోజు ఆస్పత్రి మంచం మీద ఉండగా ఫోను మోగింది. అవతల బాబాయి. "నలభై ఒకటో పళ్లెం. అంచున తెల్లగా వచ్చింది. ఆకుపచ్చ లేదు. కానీ ఇది మనదేనా, కుప్పలో పట్టిన ఇంకేదైనా బూజా? నాకేం తెలుస్తుంది?"

"మూత కొంచెం తీసి వాసన చూడు."

మూత కదిలిన చప్పుడు వినిపించింది. "సున్నం కొట్టిన గోడ మీద నీళ్లు చల్లితే వస్తుంది చూడు, ఆ వాసన" అన్నాడు చివరికి.

మంచం పక్కన మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. ఆమె ఫోను గుండెల మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ వాసన ఆమెకి నాలుగేళ్లుగా తెలుసు. అది మొండిదే.

అక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది. సైంటిస్టమ్మ వట్టి చేతులతో తిరిగొచ్చింది. గడువు ఇవ్వలేదు. వీళ్ల చోటు ఇంకో వర్క్‌షాపుకి ఇచ్చేశారు. సగం గదులకి తాళాలు పడ్డాయి. తర్వాతి విడత పరీక్షకి ఎనిమిది నెలలు ఆగాల్సి వచ్చింది. ఆ ఎనిమిది నెలలూ సైంటిస్టమ్మా బాబాయీ ఇద్దరే నెట్టుకొచ్చారు. బాబాయిని పొమ్మన్న కాగితం చించేశారు. గొడుగక్క ఉద్యోగం మాత్రం పోయింది. ఆరోగ్యం పేరు చెప్పి తీసేశారు. కొంచెం ఏదో భృతి ఇస్తున్నారు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. కొన్నాళ్లు రోజూ ఫోనులో బాబాయికి అదెలా కొయ్యాలో, ఇదెప్పుడు మార్చాలో చెప్పేది. తర్వాత ఆయనకి చెప్పించుకోవాల్సిన అవసరం తగ్గింది. అది ఆమెకి సంతోషమూ అయింది, ఇంకా ఏదో కూడా అయింది.

డాక్టరు చెప్పినట్టే బిగిసింది మెత్తబడలేదు. ఇప్పుడు పగలు సగం, రాత్రంతా ఆక్సిజన్ పెట్టుకుని ఉండాలి.

పరీక్ష ఫలితం వచ్చిన రోజు సైంటిస్టమ్మే ఇంటికి వచ్చి చెప్పింది. మూడు పలకల్లో రెండు నలభై రోజులూ నిలబడ్డాయి. ఒకటి ముప్ఫయ్యో రోజున పగిలింది. పనికి మరో రెండేళ్లు అనుమతి ఇచ్చారు. "మీరు పెంచిన రకం లేకపోతే ఇది జరిగేది కాదు" అంది. మీరు అనే అంది. క్షమించానని అనలేదు. గొడుగక్క అడగనూ లేదు.

మాటల్లో మేస్త్రీ తలదూర్చాడు. "పగిలింది ఎక్కడ?"

"మూల దగ్గర."

"చతురస్రం మూల పెట్టారా? పగలక ఏం చేస్తుంది! మూల గుండ్రంగా తిప్పాలి తల్లీ. బరువంతా అక్కడికే వచ్చి కూర్చుంటుంది. ఇన్ని చదువులు చదివారు, ఒక్క మేస్త్రీని అడగలేకపోయారా?"

సైంటిస్టమ్మ ఏడాది తర్వాత మొదటిసారి నవ్వింది. సంచీలోంచి కాగితం తీసి, గీసి చూపించమంది.

ఇప్పుడు వారానికి మూడు రోజులు బాబాయి వచ్చి మేస్త్రీని బండెక్కించుకుని వర్క్‌షాపుకి తీసుకెళ్తాడు. అచ్చులెలా చెయ్యాలో ఆయన కుర్చీలో కూర్చుని చెబుతాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరేటప్పుడు మనిషికి పదేళ్లు తగ్గినట్టుంటుంది. గుమ్మం దాటబోతూ ఒకసారి ఆగి, "వెళ్లనా?" అని అడుగుతాడు. "వెళ్లండి, ఆలస్యమవుతుంది" అంటుంది ఆమె.

ఆ మూడు రోజులూ ఇంట్లో ఆమె ఒక్కతే. సిలిండరు పక్కన కుర్చీలో కూర్చుని, వీధి తలుపు తీసే ఉంచుకుంటుంది. ఎవరైనా వస్తే లేచి వెళ్లి తియ్యడం కష్టం కనుక.